ప్రతిపదార్థం ఒక్కసారే

చెప్పిన అర్థాన్నే మళ్లీ చెప్పడాన్ని భారతీయ అలంకార శాస్త్రం పునరుక్తి అనే దోషంగా లెక్కించింది. కావ్యంలో ఆ దోషం వల్ల కలిగే నష్టం చదివేవారికి విసుగు పుట్టడంతో ఆగిపోతుంది. కంప్యూటర్ ప్రోగ్రాంలో మాత్రం రెండు చోట్ల రాసిపెట్టిన ఒకే అర్థం కొంతకాలానికి రెండు వేర్వేరు అర్థాలుగా చీలిపోతుంది, ఎందుకంటే ఒక చోట తప్పు దిద్దినవారికి రెండో చోటు ఉన్నదన్న సంగతే తెలియకపోవచ్చు, తెలిసినా ఆ రోజుకు గుర్తుకు రాకపోవచ్చు. ఆండ్రూ హంట్, డేవిడ్ థామస్ 1999లో వెలువరించిన ‘ది ప్రాగ్మాటిక్ ప్రోగ్రామర్’ అనే పుస్తకంలో ఈ దోషాన్ని పరిహరించాలన్న సూత్రానికి ‘డ్రై’ అని పొట్టి పేరు పెట్టారు. వారి దృష్టిలో పునరుక్తి అంటే ఒకే పోలికతో ఉన్న పంక్తులు కావు. ఒకే జ్ఞానం, ఒకే నిర్ణయం ఒకటికి మించిన చోట్ల కాపురం ఉండటం. ఈ తేడా చిన్నదిగా కనిపించినా, ఒక కంపైలర్‌ను పునర్నిర్మించే సందర్భంలో ఏది కలపాలి, ఏది విడిగా ఉంచాలి అన్న ప్రశ్నకు జవాబు దీనిలోనే దొరుకుతుంది.

మనిషి చదవగల ప్రోగ్రామింగ్ భాషలో రాసిన మూల పాఠాన్ని యంత్రం నడపగల ఆదేశాలుగా మార్చే ప్రోగ్రామును కంపైలర్ అంటారు. దాని పని తీరు పద్యానికి వ్యాఖ్యానం రాసే పండితుడి పని తీరుకు దగ్గరగా ఉంటుంది. పండితుడు మొదట సంధులు విడదీసి పదాలను వేరు చేస్తాడు, ఛందస్సు కోసం అటూ ఇటూ చెదిరిన పదాలను అన్వయక్రమంలో పెడతాడు, ప్రతిపదార్థం చెబుతాడు, ఆ తరువాతనే తాత్పర్యానికి వస్తాడు. కంపైలర్ కూడా అక్షరాల ప్రవాహాన్ని మొదట టోకెన్లు అనే పదాలుగా విడగొడుతుంది. వాటి మధ్య ఉన్న వ్యాకరణ సంబంధాన్ని సింటాక్స్ ట్రీ అనే చెట్టు ఆకారంలో నిలుపుతుంది. ఏ విలువ ఏ రకానిదో, అంటే ఏ టైపుదో తేలుస్తుంది. నియమాలు పాటించారో లేదో పరిశీలించి చివరకు యంత్ర సంకేతాలను వెలువరిస్తుంది. ఒకే పద్యానికి అన్వయం ఒకరు, తాత్పర్యం మరొకరు, విశేషాలు వేరొకరు రాస్తూ, ముగ్గురూ ఎవరికి వారే సంధులు విడదీసుకుంటే ఏమవుతుందో, కంపైలర్‌లోని దశలు ఎవరికి వారే మూల పాఠానికి అర్థం చెప్పుకుంటే అదే అవుతుంది. రస్ట్ అనే భాషకు చెందిన కంపైలర్ సరిగ్గా ఆ స్థితి నుంచి బయటపడటానికి చేసిన ప్రయత్నమే ఈ అధ్యాయానికి ప్రధాన వస్తువు.

గుణకారం నుంచి కూడికకు

కంపైలర్లలో పునరుక్తి సమస్య కంపైలర్లంత పాతది. జాన్ బాకస్ నాయకత్వంలోని బృందం ఐబీఎం 704 యంత్రం కోసం తయారుచేసిన ఫోర్ట్రాన్ కంపైలర్ 1957లో వెలువడింది. ఆ రోజుల్లో ఒక్కో యంత్రానికి ఒక్కో ఆదేశాల సముదాయం ఉండేది కనుక, కొత్త యంత్రం వచ్చిన ప్రతిసారీ ప్రతి భాషకూ మళ్లీ మొదటి నుంచి కంపైలర్ రాయవలసి వచ్చేది. భాషలు 5, యంత్రాలు 4 అనుకుంటే 20 కంపైలర్లు కావాలి. ఐబీఎం యంత్రాల వాడుకదారుల సంఘమైన ‘షేర్’ నియమించిన ఒక బృందం 1958లో దీనికి విరుగుడుగా ‘అన్‌కాల్’ అనే మధ్యభాషను ప్రతిపాదించింది. ప్రతి భాషనూ ఒక్కసారి ఆ మధ్యభాషలోకి, ఆ మధ్యభాషను ఒక్కసారి ప్రతి యంత్రానికీ మార్చగలిగితే 20 అనువాదకాలకు బదులు 9 సరిపోతాయి. గుణకారం కూడికగా మారుతుంది. లెక్క ఎంత అందంగా ఉన్నా అన్‌కాల్ ఆచరణలోకి రాలేదు, ఎందుకంటే అన్ని భాషల విశేషాలనూ, అన్ని యంత్రాల చమత్కారాలనూ ఒకే రూపంలో ఇమడ్చడం అప్పటివారికి సాధ్యపడలేదు.

ఆశయం మాత్రం మిగిలింది. 1987లో రిచర్డ్ స్టాల్‌మన్ విడుదల చేసిన జీసీసీ కంపైలర్‌లో ఆర్‌టీఎల్ అనే మధ్యరూపం ఉండేది. మూల భాష ఏదైనా చివరకు దానిలోకి దిగి, అక్కడి నుంచి యంత్రానికి చేరేది. కానీ ఆర్‌టీఎల్ యంత్రానికి మరీ దగ్గరది. అక్కడికి చేరేసరికి మూల పాఠంలోని టైపుల సమాచారం చాలావరకు రాలిపోతుంది కాబట్టి, ఆ సమాచారం అవసరమైన మెరుగుదలలు చేయడానికి అన్ని భాషలకూ ఉమ్మడి వేదిక లేకుండా పోయింది. ఆ లోటును పూరించడానికి 2005లో వచ్చిన జీసీసీ 4.0లో జెనెరిక్, గింపుల్ అనే రెండు కొత్త మధ్యరూపాలను ప్రవేశపెట్టారు. వీటిలో గింపుల్, కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో తయారైన మెక్‌క్యాట్ కంపైలర్‌లోని ‘సింపుల్’ అనే రూపం నుంచి స్ఫూర్తి పొందింది. రెండు గుణకారాలూ ఒక కూడికా ఉన్న పెద్ద సమాసాన్ని గింపుల్ మూడు చిన్న వాక్యాలుగా, ఒక్కో వాక్యంలో ఒక్కటే క్రియ ఉండేలా విడదీస్తుంది.

ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో విక్రమ్ ఆద్వే పర్యవేక్షణలో క్రిస్ లాట్నర్ 2000లో మొదలుపెట్టిన ఎల్ఎల్‌వీఎం ఈ ఆలోచనను మరింత దూరం తీసుకుపోయింది. దాని మధ్యరూపం ఒక కంపైలర్ కడుపులో దాగిన రహస్యంగా కాక, ఎవరైనా చదివి, రాసి, తమ భాషకు వాడుకోగల స్వతంత్ర భాషగా రూపొందింది. స్విఫ్ట్, జూలియా, రస్ట్ వంటి భాషలు యంత్ర సంకేతాలను తయారుచేసే భారాన్ని ఎల్ఎల్‌వీఎంకు అప్పగించి తమ పని తాము చూసుకోగలిగాయి. ఆ విధంగా కంపైలర్లకూ కంపైలర్లకూ మధ్య ఉన్న పునరుక్తి చాలావరకు తీరిపోయింది. ఒక్క కంపైలర్ లోపలే దాగి ఉన్న పునరుక్తి మాత్రం అలాగే ఉండిపోయింది.

ఒకే చెట్టు, ఎవరి వ్యాఖ్యానం వారిది

రస్ట్ 1.0 వెర్షన్ 2015 మే 15న వెలువడింది. ఒక విలువకు ఒక్కరే యజమాని ఉండాలని, ఇతరులు దాన్ని చేబదులుగా మాత్రమే తీసుకోగలరని ఆ భాష నియమం పెడుతుంది. విలువను మార్చే హక్కుతో చేబదులు ఇచ్చినంతసేపు మరెవరికీ దాన్ని ఇవ్వకూడదు. కేవలం చదువుకోవడానికైతే ఎంతమందికైనా ఇవ్వవచ్చు. ఈ నియమాలను కంపైలర్‌లోని ‘బారో చెకర్’, అంటే చేబదుళ్ల తనిఖీ చేసే దశ, ప్రోగ్రాం నడవక ముందే పరిశీలిస్తుంది. మెమరీని తప్పుగా వాడుకోవడం వల్ల పుట్టే లోపాలను ఇది ముందుగానే పట్టుకుంటుంది కనుక రస్ట్‌కు వచ్చిన పేరులో ఎక్కువ భాగం ఈ దశదే.

తొలినాటి రస్ట్ కంపైలర్‌లో ఈ తనిఖీ సింటాక్స్ ట్రీ మీదనే జరిగేది. యంత్ర సంకేతాల వైపు నడిపించే దశను అప్పట్లో ‘ట్రాన్స్’ అనేవారు; అది కూడా అదే చెట్టును చదివి నేరుగా ఎల్ఎల్‌వీఎం రూపాన్ని వెలువరించేది. రెండు దశలూ ఒకే చెట్టును చదువుతున్నాయి కదా, ఇందులో పునరుక్తి ఎక్కడిదన్న సందేహం రావచ్చు. చెట్టు చెప్పేది వాక్యం ఆకారాన్ని మాత్రమే, అర్థాన్ని కాదు. లూప్ మధ్యలో ‘ఆపు’ అనే ఆదేశం వస్తే నియంత్రణ ఎక్కడికి దూకుతుంది, ఒక మ్యాచ్ వాక్యంలో, అంటే విలువ ఆకారాన్ని బట్టి దారి ఎంచుకునే వాక్యంలో, ఏ పరీక్ష ముందు జరుగుతుంది, ఫంక్షన్ మధ్యలో కుప్పకూలితే ఏయే విలువలను శుభ్రం చేయాలి అన్నవి చెట్టు మీద రాసి ఉండవు. వాటిని చెట్టును చూసి ఊహించుకోవాలి. బారో చెకర్ ఆ ఊహ కోసం తనదైన నియంత్రణ పటాన్ని, అంటే ఏ ఆదేశం తరువాత ఏ ఆదేశం రాగలదో చూపే రేఖాచిత్రాన్ని, కట్టుకునేది. ట్రాన్స్ దశ ఆ పటాన్ని చూడకుండా, ఎల్ఎల్‌వీఎం రూపాన్ని వెలువరిస్తూనే తన పటాన్ని తాను కట్టుకునేది. తనిఖీ జరిగింది మొదటి పటం మీద, యంత్రం నడిచేది రెండో పటం మీద. రెండూ ఒకటేనన్న హామీకి వాటిని రాసినవారి జాగ్రత్త తప్ప మరో ఆధారం లేదు.

మరో ఉదాహరణ ఇంకా సూక్ష్మమైనది. రస్ట్‌లో ఒక విలువ పేరు తరువాత చుక్క పెట్టి ఫంక్షన్‌ను పిలిచినప్పుడు, అవసరాన్ని బట్టి ఆ విలువను చేబదులుగా ఇవ్వడమో, చేబదులు వెనక ఉన్న అసలు విలువను అందుకోవడమో కంపైలర్ తనంతట తానే చేస్తుంది. రాసేవారికి ఇది సౌకర్యం. టైపులు తేల్చే దశ ఇటువంటి సర్దుబాట్లన్నిటినీ ఒక పట్టికలో నమోదు చేసి ఊరుకునేది. తరువాతి దశల్లో ప్రతి ఒక్కటీ చెట్టులోని ప్రతి కొమ్మ దగ్గరా ఆ పట్టికను తీసి చూసి, సర్దుబాటును తన లెక్కలో తాను కలుపుకోవలసి వచ్చేది. ఒక దశ ఒక్క కొమ్మ దగ్గర చూడటం మరిచినా, ఆ దశ చదివిన ప్రోగ్రాం వేరు, మిగిలినవి చదివిన ప్రోగ్రాం వేరు అయ్యేది. ఇక్కడ ఒకేలాంటి పంక్తులు రెండుచోట్ల కనిపించవు. ఒక దశ కోడ్‌కూ మరో దశ కోడ్‌కూ పైకి పోలికే లేదు. అయినా ఇది పునరుక్తే, ఎందుకంటే ‘ఈ వాక్యానికి అర్థం ఏమిటి’ అన్న నిర్ణయం ఒకటికి మించిన చోట్ల జరుగుతున్నది.

అన్వయక్రమంలో పెట్టిన ప్రోగ్రాం

ఈ పరిస్థితిని మార్చడానికి 2015లో రస్ట్ రూపకర్తలు ‘మిర్’ అనే కొత్త మధ్యరూపాన్ని ప్రతిపాదించారు. అదే ఏడాది సింటాక్స్ ట్రీకి కాస్త దిగువన ‘హిర్’ అనే మరో రూపం కూడా వచ్చింది. హిర్ పై స్థాయి రూపం, మిర్ మధ్య స్థాయి రూపం; ఎల్ఎల్‌వీఎం రూపం వాటికి దిగువన ఉంటుంది. భాషలోని అలంకారాలను విప్పి సాదా నిర్మాణాలుగా మార్చడం హిర్ దగ్గర మొదలై మిర్ దగ్గర ముగుస్తుంది. మిర్‌లో కొమ్మలు, ఉపకొమ్మలు ఉండవు. ప్రోగ్రాం అంతా బ్లాకులుగా విడిపోయి ఉంటుంది. ఒక్కో బ్లాక్‌లో వరుసగా నడిచే చిన్న ఆదేశాలు, చివర నియంత్రణ ఎక్కడికి పోవాలో చెప్పే ఒక ముగింపు ఆదేశం ఉంటాయి. విలువలు ఉండే స్థలాలకు అంకెలే పేర్లు: 0వ స్థలం ఎప్పుడూ ఫంక్షన్ తిరిగి ఇచ్చే ఫలితానిది, 1 నుంచి మొదలయ్యేవి ఫంక్షన్‌కు అందిన విలువలవి, ఆ తరువాతివి చరరాశులవి, తాత్కాలిక విలువలవి.

ధరల జాబితాను అందుకుని వాటి మొత్తం చెప్పే ఒక చిన్న ఫంక్షన్‌ను తీసుకుంటే విషయం స్పష్టపడుతుంది. మూల పాఠంలో అది నాలుగైదు పంక్తులకు మించదు: మొత్తం 0తో మొదలు, జాబితాలోని ప్రతి ధరనూ మొత్తానికి కలుపు, మొత్తాన్ని తిరిగి ఇవ్వు. మిర్‌లోకి దిగాక దాని రూపం, అనవసర వివరాలు తీసివేస్తే, ఇలా ఉంటుంది.

0వ బ్లాక్: ‘మొత్తం’ స్థలంలో 0 ఉంచు, జాబితాను ఒక్కొక్కటిగా అందించే ఇటరేటర్‌ను తయారుచేసే ఫంక్షన్‌ను పిలువు, అది తిరిగి వస్తే 1కి వెళ్లు.

1వ బ్లాక్: ‘తరువాతిది ఇవ్వు’ అని ఇటరేటర్‌ను పిలువు, తిరిగి వస్తే 2కి వెళ్లు.

2వ బ్లాక్: వచ్చిన జవాబు ‘ఉంది’ అయితే 3కి, ‘లేదు’ అయితే 5కి వెళ్లు.

3వ బ్లాక్: మొత్తాన్నీ ధరనూ కూడు, ఫలితం తనకు కేటాయించిన స్థలంలో పట్టకపోతే ఆపదను ప్రకటించు, పడితే 4కి వెళ్లు.

4వ బ్లాక్: కూడిక ఫలితాన్ని ‘మొత్తం’ స్థలంలో ఉంచు; 1కి వెళ్లు.

5వ బ్లాక్: మొత్తాన్ని 0వ స్థలంలోకి చేర్చు, ముగించు.

మూల పాఠంలో కనిపించని విషయాలు ఇక్కడ పేరుపేరునా బయటపడ్డాయి. ‘ప్రతి’ అన్న ఒక్క మాట వెనక రెండు ఫంక్షన్ పిలుపులు, ఒక పరీక్ష దాగి ఉన్నాయి. కూడిక వెనక అంకె పొంగిపోతుందేమోనన్న తనిఖీ ఉంది. పరీక్షల కోసం చేసే నిర్మాణంలో రస్ట్ దీన్ని తప్పక చేస్తుంది. జాబితాలో ఫలానా స్థానంలో ఉన్న విలువ కావాలని రాస్తే, ఆ స్థానం జాబితా పొడవుకు లోబడి ఉందా అన్న పరీక్ష కూడా మిర్‌లో విడి ఆదేశంగానే కనిపిస్తుంది. ప్రతి పిలుపు దగ్గరా మామూలుగా తిరిగి వచ్చే దారితో పాటు, పిలిచిన ఫంక్షన్ మధ్యలో కుప్పకూలితే శుభ్రం చేసుకుంటూ వెనక్కు పోయే దారి కూడా గీసి ఉంటుంది. అన్వయం ఒక్కసారి పూర్తయింది. ఇకపై చేబదుళ్ల తనిఖీ చేసేవారైనా, యంత్ర సంకేతాలు వెలువరించేవారైనా ఇదే పటాన్ని చదవాలి తప్ప సొంత ఊహకు అవకాశం లేదు. 2016 సెప్టెంబరు 29న వెలువడిన రస్ట్ 1.12 నుంచి యంత్ర సంకేతాలకు దారి మిర్ గుండానే సాగింది.

పటం ఒకటి చేతిలో ఉంటే అంతకుముందు అడగలేని ప్రశ్నలు అడగవచ్చు. రస్ట్‌లో యజమాని పరిధి ముగియగానే విలువను శుభ్రం చేయాలి. అయితే ఒక షరతు కింద ఆ విలువ అప్పటికే మరొకరికి చేతులు మారి ఉంటే శుభ్రం చేయకూడదు. పాత పద్ధతిలో విలువ చేతులు మారిందో లేదో తెలుసుకోవడానికి ఆ విలువ ఉన్న మెమరీలోనే గుర్తు వేసేవారు. మిర్ పటం మీద ప్రతి దారినీ ముందుగానే నడిచి చూడవచ్చు కనుక, చాలా చోట్ల జవాబు కంపైలర్‌కే తెలిసిపోతుంది. రెండు దారుల్లో రెండు జవాబులు వచ్చే చోట్ల మాత్రమే ఒక చిన్న జెండాను విడిగా పెట్టుకుంటే చాలు.

పునరుక్తిలో మరో రకం కూడా ఉంది: ఒకే పనిని పదేపదే చేయడం. ఏ టైపుకైనా పనికివచ్చేలా రాసిన ఫంక్షన్‌ను జెనరిక్ ఫంక్షన్ అంటారు. దానిని 10 టైపులతో వాడితే రస్ట్ కంపైలర్ దానికి 10 నకళ్లు తీస్తుంది. మిర్ లేని రోజుల్లో మెరుగుదలలన్నీ నకళ్లు తీసిన తరువాత ఎల్ఎల్‌వీఎంలో జరిగేవి కాబట్టి, ఒకే మెరుగుదల 10 చోట్ల విడివిడిగా జరిగేది. నకలు తీయక ముందే మిర్ మీద మెరుగుదల చేస్తే ఆ శ్రమ ఒక్కసారితో తీరుతుంది. వ్రాతప్రతిలో తప్పు దిద్ది నకళ్లు రాయించడానికీ, నకళ్లన్నీ రాయించాక ఒక్కొక్కటి దిద్దడానికీ ఉన్న తేడా ఇదే.

ఇద్దరు తనిఖీదారులు

మిర్ వచ్చిన తరువాత పెద్ద పని బారో చెకర్‌ను దాని మీదికి మార్చడం. ఇక్కడ పునర్నిర్మాణం కోడ్‌ను తగ్గించడంతో ఆగలేదు. భాష నియమాన్నే మార్చింది. పాత తనిఖీ చెట్టు మీద నడిచేది కనుక చేబదులు ఎంతకాలం ఉంటుందన్నదీ చెట్టు ఆకారాన్నే అనుసరించేది. ఒక జాబితాలోని మొదటి అంశాన్ని చేబదులుగా తీసుకుని ఒక చరరాశిలో ఉంచి, దాన్ని ముద్రించి, ఆ తరువాత జాబితాకు మరో అంశం చేర్చబోతే పాత కంపైలర్ ఒప్పుకునేది కాదు. ముద్రణ తరువాత ఆ చేబదులుతో ఎవరికీ పని లేకపోయినా, కొమ్మ చివర, అంటే ముగింపు బ్రాకెట్ దగ్గర గాని చేబదులు తీరినట్టు లెక్కించేది కాదు. ప్రోగ్రామర్లు తమకు అవసరం లేకపోయినా కంపైలర్‌ను ఒప్పించడానికి అదనంగా బ్రాకెట్లు పెట్టుకునేవారు. మిర్ పటం మీద చేబదులు కాలాన్ని ఆదేశానికీ ఆదేశానికీ మధ్య ఉన్న బిందువుల సమితిగా లెక్కించవచ్చు; చివరిసారి వాడిన బిందువు దాటగానే చేబదులు తీరిపోతుంది. ఈ కొత్త పద్ధతి 2018 డిసెంబరులో వచ్చిన రస్ట్ 1.31తో, ఆ భాష 2018 సంచికను ఎంచుకున్న ప్రోగ్రాములకు అందుబాటులోకి వచ్చింది. 2019 జూలైలో వచ్చిన 1.36తో పాత సంచికకూ విస్తరించింది.

అయితే కొత్త తనిఖీని పెట్టి పాతదాన్ని అదే రోజు తీసివేయడం కుదరలేదు. పాత తనిఖీలో లొసుగులు ఉన్నాయి. తిరస్కరించవలసిన కొన్ని ప్రోగ్రాములను అది ఆమోదించేది. కొత్త తనిఖీ ఆ లొసుగులను పట్టుకోవడంతో, అప్పటిదాకా నడుస్తున్న ప్రోగ్రాములు ఉన్నట్టుండి ఆగిపోయే స్థితి వచ్చింది. అందుకని కొంతకాలం ఇద్దరు తనిఖీదారులనూ కొలువులో ఉంచారు. కొత్త తనిఖీ తప్పు పడితే కంపైలర్ అదే ప్రోగ్రామును పాత తనిఖీకి చూపేది; పాతది ఒప్పుకుంటే తప్పును హెచ్చరికగా తగ్గించి ముందుకు సాగనిచ్చేది. చెట్టు మీద నడిచే పాత తనిఖీని 2019లో తొలగించారు. పాత పద్ధతి అవశేషాలన్నీ తొలగిన సంగతిని 2022 ఆగస్టులో వచ్చిన 1.63 ప్రకటించింది. పునరుక్తిని తొలగించే పని ఏళ్ల తరబడి మరో పునరుక్తిని భరిస్తూ సాగింది. పాత వంతెన మీద రాకపోకలు ఆపకుండా పక్కనే కొత్త వంతెన కట్టే ఇంజనీర్లకు ఈ పరిస్థితి కొత్త కాదు.

రెండు లెక్కలు, ఒక లెక్క

కంపైలర్ కొన్ని లెక్కలను ప్రోగ్రాం నడవక ముందే తాను వేసుకోవాలి. ఒక శ్రేణి పొడవు 4 ఇంటు 1024 అని రాస్తే, ఆ లెక్క తేలనిదే శ్రేణికి ఎంత చోటు కావాలో తెలియదు. పాత రస్ట్ కంపైలర్‌లో ఇటువంటి స్థిర లెక్కలకు రెండు వేర్వేరు యంత్రాంగాలు ఉండేవి. టైపులు తేల్చే దశలో శ్రేణి పొడవులు, మ్యాచ్ నమూనాలు వంటి వాటి కోసం ఒకటి. యంత్ర సంకేతాలు వెలువరించే దశలో స్థిరాంకాల కోసం ఇంకొకటి. ఒకే భాషలో కూడిక, హెచ్చవేత, టైపు మార్పిడి అన్నవి రెండుసార్లు, రెండు పద్ధతుల్లో రాసి ఉండేవి. ఈ కష్టం కంపైలర్ నడిచే యంత్రం ఒకటి, ప్రోగ్రాం నడవబోయే యంత్రం ఇంకొకటి అయినప్పుడు బాగా తెలుస్తుంది: 64 బిట్ల యంత్రం మీద కూర్చుని 32 బిట్ల యంత్రానికి సంకేతాలు తయారుచేస్తున్నప్పుడు, అంకె ఎక్కడ పొంగుతుందన్న లెక్కను రెండు యంత్రాంగాలూ విడివిడిగా సరిచూసుకోవాలి.

మిర్ స్థిరపడిన తరువాత దాన్నే ఒక్కొక్క ఆదేశంగా చదివి నడిపించే ‘మిరి’ అనే ఇంటర్‌ప్రెటర్ రూపొందింది. ఇంటర్‌ప్రెటర్ అంటే యంత్ర సంకేతాలుగా మార్చకుండానే ప్రోగ్రామును నడిపే సాధనం. 2018లో కంపైలర్ లోపలి స్థిర లెక్కలన్నీ ఆ ఇంటర్‌ప్రెటర్ యంత్రాంగానికి అప్పగించారు. నడిచే ప్రోగ్రాముకు ఏ మిర్ ఆధారమో, ముందే వేసే లెక్కకూ అదే మిర్ ఆధారం కావడంతో రెండింటి మధ్య భేదం వచ్చే అవకాశం బాగా తగ్గింది. అదే ఇంటర్‌ప్రెటర్ విడి సాధనంగా కూడా పనిచేస్తూ, ప్రోగ్రామర్లు తమ పూచీ మీద తనిఖీలు పక్కన పెట్టి రాసిన భాగాల్లోని మెమరీ తప్పులను వెతికిపెడుతున్నది.

కంపైలర్ వెనుక భాగంలో, అంటే మిర్‌ను అందుకుని యంత్ర సంకేతాల వైపు తీసుకుపోయే భాగంలో, ఇటువంటి మరో సర్దుబాటు కూడా 2018లోనే జరిగింది. మిర్‌ను ఎల్ఎల్‌వీఎం రూపంలోకి మార్చే భాగం అంతా ఎల్ఎల్‌వీఎం పేర్లతో, దాని పిలుపులతో ముడిపడి ఉండేది. అందులో నిజంగా ఎల్ఎల్‌వీఎంకే చెందినది ఎంత, ఏ వెనుక భాగానికైనా వర్తించేది ఎంత అని వేరు చేసి, ఉమ్మడి భాగాన్ని ఒక ప్రత్యేక విభాగంగా విడదీశారు. వెనుక భాగం తప్పక అందించవలసిన సేవల జాబితాను ఒప్పందపత్రం వలె రాసిపెట్టి, ఆ ఒప్పందాన్ని నెరవేర్చే పనిని మాత్రం ఎల్ఎల్‌వీఎం భాగానికి వదిలారు. తరువాత జీసీసీని వెనుక భాగంగా వాడే ప్రయత్నం మొదలైనప్పుడు ఆ ఒప్పందం అక్కరకు వచ్చింది. క్రేన్‌లిఫ్ట్ అనే మరో వెనుక భాగం మాత్రం మిర్‌ను తన రూపంలోకి మార్చే పనిని సొంత కోడ్‌తోనే చేసుకుంటుంది.

ఉమ్మడి కుటుంబం ఖర్చులు

ఉమ్మడి రూపానికి తనదైన ఖర్చు ఉంది. మొదటిది, మూల పాఠానికి దూరం పెరగడం. తప్పు దొరికినప్పుడు ప్రోగ్రామర్‌కు ‘2వ బ్లాక్‌లో 7వ స్థలం’ అని చెబితే ఏమీ అర్థం కాదు. అతడు రాసిన వాక్యాన్నే వేలు పెట్టి చూపాలి. అందువల్ల మిర్‌లోని ప్రతి ఆదేశమూ తాను మూల పాఠంలో ఏ పంక్తి, ఏ అక్షరం నుంచి పుట్టిందో వెంట మోసుకుపోవాలి. ఇది లూప్ నుంచి పుట్టిందా, మరో నిర్మాణం నుంచి పుట్టిందా అన్న గుర్తు కూడా ఉంచుకోవాలి. అన్వయం చెప్పే పండితుడు ఫలానా పదం ఏ పాదంలోనిదో మరిచిపోకూడదన్నట్టే ఇది.

రెండో ఖర్చు, ఒకరి అవసరం కోసం పెట్టినది అందరి ఇంట్లోనూ కనిపించడం. మిర్‌లో నిజంగా ఏమీ చదవని ఉత్తుత్తి చదువులు, ప్రోగ్రాం ఎన్నడూ నడవని ఉత్తుత్తి దారులు ఉంటాయి. మ్యాచ్ వాక్యాన్ని కంపైలర్ ఎంత తెలివిగా విడగొట్టినా, చేబదుళ్ల నియమం మాత్రం ఆ తెలివి మీద ఆధారపడకుండా భాష చెప్పిన క్రమాన్నే అనుసరించాలి. లేకపోతే రేపు ఆ విడగొట్టే పద్ధతి మారగానే నిన్న ఆమోదం పొందిన ప్రోగ్రాం నేడు తిరస్కారానికి గురవుతుంది. ఆ స్థిరత్వం కోసం బారో చెకర్‌కు మాత్రమే పనికివచ్చే ఈ గుర్తులను మిర్‌లో ఉంచి, తనిఖీ ముగియగానే తుడిచివేస్తారు. అన్‌కాల్ ఎదుర్కొన్న చిక్కు చిన్న స్థాయిలో ఇక్కడా ఉంది. తేడా ఏమిటంటే ప్రపంచంలోని భాషలన్నిటికీ కాక ఒక్క భాషకే మధ్యరూపాన్ని రూపొందించడం వల్ల చిక్కు అదుపులో ఉంది.

మూడోది, కలపకూడనిదాన్ని కలపాలన్న ఆశ. రస్ట్ ప్రోగ్రాములు రాసేవారికి ఎడిటర్‌లో సూచనలు అందించే రస్ట్ అనలైజర్ అనే సాధనానికి సొంత పార్సర్, అంటే టోకెన్ల నుంచి సింటాక్స్ ట్రీని కట్టే భాగం, ఉంది. ఒకే భాషకు రెండు పార్సర్లు ఉండటం పైకి స్పష్టమైన పునరుక్తిగా కనిపిస్తుంది. కానీ కంపైలర్‌కు అందేది రాయడం పూర్తయిన ప్రోగ్రాం. ఎడిటర్‌కు అందేది వేళ్ల కింద ఇంకా పుడుతున్న, సగంలో ఆగిన వాక్యాలతో నిండిన పాఠం. తప్పు కనిపించగానే చెప్పి ఆగిపోవడం మొదటిదానికి చెల్లుతుంది. తప్పుల మధ్యనే అర్థం వెతుక్కుంటూ, ఒక్క ఖాళీని కూడా పోగొట్టకుండా దాచడం రెండోదానికి ప్రాణం. అందుకే అక్షరాలను టోకెన్లుగా విడగొట్టే భాగాన్ని, మ్యాచ్‌లో అన్ని సందర్భాలూ వచ్చాయో లేదో చూసే భాగాన్ని ఉమ్మడిగా వాడుకుంటూ, పార్సర్లను మాత్రం విడిగా ఉంచుకున్నారు. భాష నియమం మారితే రెండు చోట్లా తప్పనిసరిగా ఒకేలా మారవలసినది ఉమ్మడిలోకి వచ్చింది. వేర్వేరు కారణాలతో వేర్వేరుగా మారేది వేరు కాపురంలోనే ఉంది.

పునర్నిర్మాణం విలువను తొలగిన పంక్తుల లెక్కతో కొలవలేకపోవడానికి కారణం ఇదే. మిర్ రావడంతో కంపైలర్‌లోకి కొత్త కోడ్ చాలా వచ్చింది. తగ్గినది, ఒక భాషా నియమం కోసం వెతకవలసిన చోట్ల సంఖ్య. దాని ఫలితం 2019 నవంబరులో వచ్చిన రస్ట్ 1.39లో కనిపిస్తుంది. మిర్ రూపకల్పన నాటికి భాషలో లేని, మధ్యలో ఆగి జవాబు కోసం ఎదురుచూసి మళ్లీ అక్కడి నుంచే కొనసాగే ఫంక్షన్లు ఆ వెర్షన్‌తో భాషలోకి వచ్చాయి. ఒక ఫంక్షన్ ఆగిన ప్రతి చోటా ఏయే విలువలు తరువాత అవసరపడతాయో తేల్చి, వాటిని మాత్రం ఒకచోట భద్రపరచాలి. చెట్టును చదివే దశలే ఉన్న పాత కంపైలర్‌లో అయితే ఈ లెక్క కోసం మరో సొంత పటం, మరో సొంత వ్యాఖ్యానం పుట్టవలసి వచ్చేది. ఇప్పుడు ఆ మార్పు మిర్ నుంచి మిర్‌కు జరిగే ఒక దశగా వచ్చి చేరింది. చేబదుళ్ల తనిఖీ దశ అంతకు ముందే చదివి ఆమోదించిన పటాన్నే అది అందుకుని, ఆగే చోట్ల దగ్గర ముక్కలు చేసి, అప్పటికే ఉన్న దారి వెంట యంత్ర సంకేతాల వైపు పంపింది.